ఒకరి జబ్బా, ఇంటి జబ్బా?



పసిబిడ్డకు విరేచనాలైతే మన ఇండ్లలో మొదట వినిపించే మాట, "పళ్ళొస్తున్నాయేమో" అని. ముసలితల్లి రెండు పూటలు అన్నం ముట్టకపోతే వినిపించే మాట, "వయసు మీద పడింది కదా" అని. ఒక ఇంట్లో, ఒక్కరి విషయంలో ఈ మాటలు అన్నందువల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. ఇరవైమంది పసిపిల్లలున్న క్రెష్‌లోనో, నలభైమంది పెద్దలున్న వృద్ధాశ్రమంలోనో ఇవే మాటలు వినబడుతుంటే మాత్రం భయపడాలి. ప్రతి జబ్బుకూ విడివిడిగా ఒక సాకు దొరికినంతకాలం, ఆ ఇంట తిరుగుతున్న అంటువ్యాధి ఎవరి కంటా పడదు. దానిని మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎలా గుర్తుపట్టాలన్నది ఈ నెల మన శీర్షికలో చూద్దాము.

సికింద్రాబాదు వారికి ఇది దూరపు సంగతి కాదు. మారేడుపల్లి, మల్కాజిగిరి, తార్నాక, అల్వాల్, సైనిక్‌పురి, ఎటు చూసినా భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి వెళ్ళే ఇండ్లు, పిల్లలు విదేశాల్లో స్థిరపడగా తల్లిదండ్రులు ఒంటరిగా మిగిలిన ఇండ్లు. ఒకే కుటుంబంలో మనుమడు క్రెష్‌లోనూ, నాయనమ్మ ఆశ్రమంలోనూ ఉండడం మనము చూస్తూనే యున్నాము. ఆదివారం ఆరాధన ముగిశాక ఆ మనుమణ్ణి ఎత్తుకొని నాయనమ్మను చూడబోతారు. వారమంతా క్రెష్‌లో తిరిగిన జలుబు ఆ మధ్యాహ్నం ఆశ్రమంలో అడుగు పెడుతుంది.

ఈ రెండు చోట్లా జబ్బులు త్వరగా పాకడానికి కారణం మురికి మాత్రమే అనుకోరాదు. అద్దంలా తుడిచిన ఇంట్లో కూడా పాకుతాయి. క్రెష్‌లో ఒకే ఆయా ఒక బిడ్డకు గుడ్డ మార్చి, మరొక బిడ్డకు అన్నం కలిపి పెట్టాలి. ఒకడు నోట్లో పెట్టుకొన్న బొమ్మను మరొకడు లాక్కొని తానూ నోట్లో పెట్టుకొంటాడు. ఆశ్రమంలో ఒకే అటెండరు ఆరుగురికి స్నానం చేయించి, ఆరుగురినీ మంచం మీదినుండి లేపాలి. అందరిదీ ఒకే వంటిల్లు, ఒకే నీళ్ళ ట్యాంకు. పైగా పసివారికి రోగాలను తట్టుకొనే శక్తి ఇంకా పూర్తిగా రాలేదు, పెద్దలకు అది తగ్గిపోతూ యున్నది. ఇక తమకేమైనదో నోరు తెరచి చెప్పడం పసివారికి చేతకాదు, మతిమరపు వచ్చిన పెద్దలకూ చేతకాదు. కనుక చూచేవారే చూడాలి.

ఎంతమందికి వస్తే దానిని అంటువ్యాధి చెలరేగడం అనాలి? వైద్యులు చెప్పే అర్థం చాలా చిన్నది. ఆ చోట, ఆ కాలంలో మామూలుగా ఉండే దానికంటే ఎక్కువమందికి ఒకే విధమైన జబ్బు రావడం. ఇందులో కీలకమైన మాట "మామూలుగా". ఆగస్టులో ఇరవైమంది పిల్లల్లో ముగ్గురికి ముక్కు కారడం మామూలే కావచ్చు. ఒకే రోజున ముగ్గురు వాంతి చేసికొనడం మామూలు కాదు. కానీ మామూలు ఎంతో తెలియని ఇంట్లో ఎక్కువ ఎంతో ఎలా తెలుస్తుంది? అందుకే ఒక నోటుపుస్తకం కావాలి.

ఖరీదైన రిజిస్టరు అక్కరలేదు, బడిపిల్లల రూళ్ళ పుస్తకం చాలు. పేరు, గది లేక మంచం, జబ్బు మొదలైన తేదీ మరియు గంట, ఏ లక్షణాలు, అంతకుముందు రెండు రోజుల్లో ఏమి తిన్నారు, ఎక్కడి నీళ్ళు త్రాగారు, ఎవరు సంరక్షించారు. రాని పిల్లల పేర్లు కూడా వ్రాయాలి. నలుగురు పిల్లలు ఒకే సోమవారం మానివేస్తే అదొక వార్త. వెంటనే తల్లులకు ఫోను చేసి కారణం అడగాలి. ఆయాలకు, వంటమనిషికి, వాచ్‌మన్‌కు వచ్చిన జబ్బులను కూడా అదే పుస్తకంలో వ్రాయాలి. చాలా చోట్ల ఇది జరగడం లేదు. పనివారి జబ్బును జబ్బుగా కాక సెలవుగా మాత్రమే లెక్కించే అలవాటు మనకున్నది.

వ్రాసి లెక్కించినందువల్ల ఏమి కనబడుతుందో చెప్పడానికి పాత ఉదాహరణ ఒకటున్నది. 1854 ఆగస్టు చివర లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగి వందలమంది చనిపోయారు. గాలి చెడి కలరా వస్తుందని అప్పటి నమ్మకం. జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి చిరునామాలు వరుసగా వ్రాసికొంటూ పోయాడు. బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ ఇండ్లకు ఇండ్లే మరణాలు. ఆ దగ్గరలోనే పోలండ్ స్ట్రీట్‌లో 535 మంది నివసించే బీదల ఆశ్రమం ఒకటున్నది. ఆ గాలి వారూ పీల్చారు. అక్కడ కలరాతో చనిపోయినది 5గురు మాత్రమే. ఎందుకని విచారిస్తే, ఆ ఆశ్రమానికి సొంత బావి ఉన్నదని, వారు పంపు నీటికి పోరని తెలిసింది. జబ్బు పడినవారిని లెక్కించినట్లే జబ్బు పడనివారిని కూడా లెక్కించాలని ఆ ఆశ్రమం నేర్పింది. మీ క్రెష్‌లో ఇంటినుండి సీసాలో నీళ్ళు తెచ్చుకొనే పిల్లలు బాగుండి, అక్కడి నీళ్ళు త్రాగినవారు మాత్రమే పడిపోతే, సగం విచారణ ముగిసినట్లే.

మన దగ్గరి సంగతి చూడండి. 2009 మే నెలలో ముషీరాబాదు పక్కనున్న భోలక్‌పూర్‌లో కుళాయి నీటిలో మురుగు కలిసి వందలమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు, కొందరు మరణించారు. మంచినీటి గొట్టమూ మురుగు కాలువా పక్కపక్కనే సాగే పాత బస్తీలు మన నగరంలో ఇంకా ఎన్నో యున్నవి. ఎండాకాలంలో కుళాయి, బోరు, ట్యాంకరు, ఇరవై లీటర్ల క్యాను, ఏ రోజున ఏ నీళ్ళు వాడారో వంటమనిషికి తప్ప మరెవరికీ తెలియదు. పుస్తకంలో నీళ్ళకు ఒక గడి పెట్టమన్నది ఇందుకే.

వాంతుల విషయంలో గంటలు లెక్కపెట్టడం చాలా ముఖ్యము. మధ్యాహ్నం భోజనమైన ఒకటి మొదలు ఆరు గంటల లోపల అనేకమందికి ఒక్కసారిగా వాంతులు మొదలైతే ఆహారాన్ని అనుమానించాలి. వండి, వేడిగా ఉంచక, ఫ్రిజ్‌లోనూ పెట్టక బయట వదలిన అన్నంలో గాని, చేతిమీద పుండున్న మనిషి కలిపిన ఆహారంలో గాని పుట్టే విషం అంత త్వరగా పని చేస్తుంది. అట్లుగాక ఈ రోజు ఒకరికి, ఒకటి రెండు రోజుల తరువాత ఇద్దరికి, మరి రెండు రోజులకు ఐదుగురికీ వాళ్ళను చూసే ఆయాకూ వస్తే, అది మనిషినుండి మనిషికి పాకుతున్నది. నోరోవైరస్ ఇటువంటిది. సోకిన 12 నుండి 48 గంటల్లో బయటపడుతుంది. చేతులకు రాసుకొనే శానిటైజరు దీనిమీద అంతగా పని చేయదు. సబ్బు, పారే నీరు కావాలి. వాంతి పడిన చోట వట్టి ఫినాయిల్ చాలదు. గుడ్డతో ఎత్తివేసి, లీటరు నీటికి సుమారు 15 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపిన నీటితో తడిపి, పది నిమిషాలు ఉంచి తుడవాలి. ఆ సమయంలో పిల్లలను గదినుండి పంపివేయాలి.

పిల్లల్లో తల్లులు గుర్తించగలిగిన గుర్తులు మరికొన్ని. అరచేతులు, అరికాళ్ళలో చిన్న పొక్కులు, నోట్లో పుండ్లు, అన్నం వద్దని ఏడుపు, ఇది చేతులు-పాదాలు-నోటి జబ్బు. ఎక్కువగా ఐదేండ్ల లోపువారికి వస్తుంది, తేలికగానే పోతుంది, కానీ గదంతా చుట్టివస్తుంది. కండ్లకలక సంగతి 2023 జూలై, ఆగస్టులలో మనమందరమూ చూశాము. ఆటలమ్మ పొక్కులు ఒకరికి కనబడితే తరువాతి వారికి రెండు మూడు వారాల వరకు పోయవచ్చును. "అమ్మవారు" అని పేరు పెట్టి ఇరుగు పొరుగుకు చెప్పకుండా దాచేవారు ఇంకా యున్నారు, ఆ దాపరికం క్రెష్‌కు చేటు. జ్వరము, దగ్గు, ఎఱ్ఱకండ్లు, ముఖంనుండి క్రిందికి దిగే దద్దురు కలిస్తే తట్టు కావచ్చును. దీనికి రెండో కేసు కోసం ఎదురుచూడరాదు. ఒక్కటి కనబడినా ఆరోగ్యకేంద్రానికి చెప్పాలి. 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుండి 24 నెలల మధ్య ఒకటి, టీకా రెండు మోతాదులూ పడినవో లేదో అందరి కార్డులూ ఆ రోజే చూడాలి.

పచ్చకామెర్లలో ఒక విచిత్రమున్నది. కలుషితమైన నీటివల్ల, ఆహారంవల్ల వచ్చే హెపటైటిస్ ఏ ఆరేండ్ల లోపు పిల్లలకు సోకితే చాలామందికి కండ్లు పచ్చబడవు, ఏదో నలతగా ఉండి పోతుంది. అదే పిల్లలనుండి పెద్దలకు సోకితే కండ్లు, మూత్రం పచ్చబడి మంచాన పడతారు. కనుక క్రెష్‌లో ఒక ఆయాకు, ఇద్దరు తల్లులకు ఒకే నెలలో కామెర్లు వస్తే, జబ్బు ఉన్నది నవ్వుతూ ఆడుకొంటున్న పిల్లల మధ్యనే కావచ్చును. ఆకుమందు ఎక్కడ ఇస్తారన్న విచారణలో పడి ఈ సంగతి ఎవరూ గమనించరు.

వానాకాలంలో ఇంకొకటి. ఒకే క్రెష్‌లో ఇద్దరు ముగ్గురికి డెంగీ వస్తే అది ఒకరినుండి ఒకరికి అంటినది కాదు, ఒకే డ్రమ్ములో పుట్టిన దోమలు కుట్టినందువల్ల వచ్చినది. మలేరియా దోమ సంగతి మన బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ కనిపెట్టాడు. ఆ దోమ రాత్రి కుడుతుంది. డెంగీ దోమ కుట్టేది పగటిపూట, అనగా పిల్లలను చాపలమీద పడుకోబెట్టే వేళ. మధ్యాహ్నం కూడా దోమతెర కట్టాలి, వారానికొకసారి నీటిపాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టాలి.

పెద్దల విషయానికి వద్దాము. ఇక్కడ గుర్తుపట్టడం మరింత కష్టము. వృద్ధులకు జబ్బు చేసినప్పుడు పుస్తకాల్లో చెప్పినట్లు జ్వరం రాదు. లోపల న్యుమోనియా ఉన్నా ఒళ్ళు వేడెక్కకపోవచ్చును. నిన్నటివరకు పేరుపెట్టి పిలిచిన తాతగారు ఈ రోజు తికమకగా మాట్లాడతారు. కఱ్ఱ పట్టుకొని నడిచే అమ్మగారు బాత్‌రూములో పడిపోతారు. పక్క తడపని వారు తడుపుతారు. టీ ఇష్టపడేవారు కప్పు ముట్టరు. వీటిలో ఏది కనబడినా, అందునా ఒకే వరండాలో ఇద్దరిలో కనబడితే, వయసుమీద నెట్టివేయక ఊపిరి, నాడి, ఉష్ణోగ్రత చూడాలి. థర్మామీటరు ఒక్కసారి 100 డిగ్రీలు దాటినా, 99 పలుమార్లు దాటినా, ఆ మనిషి మామూలు వేడికంటే 2 డిగ్రీలు పెరిగినా జ్వరముగానే తీసికొనాలి. ఆ మామూలు వేడి ఎంతో తెలియాలంటే బాగున్న రోజుల్లోనే ఒకసారి చూసి వ్రాసిపెట్టుకొనాలి. ఎంతో కొంతమంది పెద్దలకు అది 97 మాత్రమే ఉంటుంది.

దగ్గు, జలుబు, జ్వరం వంటివి 72 గంటల్లో ఒకే ఆశ్రమంలో ఇద్దరికి వస్తే ఫ్లూ లేక కోవిడ్ అని అనుమానించి పరీక్ష చేయించడం మంచిదని వైద్యుల సలహా. ఇద్దరేనా అని తీసివేయవద్దు. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కోవిడ్ కేసు వెలుగులోకి వచ్చి గాంధీ ఆసుపత్రి పేరు అందరి నోట నానుతున్న రోజుల్లోనే, అమెరికాలో సియాటిల్ పక్కనున్న కిర్క్‌లాండ్ పట్టణంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఏమి జరిగిందో చూడండి. (మన ఊరిలో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. అక్కడ వృద్ధులను ఉంచి సంరక్షించే ఇల్లు.) ఫిబ్రవరి నెలలో అక్కడ దగ్గు, జ్వరాలు కనబడగా ఫ్లూ కావచ్చుననుకొన్నారు. నెలాఖరున అది కోవిడ్ అని తేలింది. మార్చి 18 నాటికి ఆ ఒక్క ఇంటితో ముడిపడి 167 మందికి జబ్బు నిర్ధారణ అయినది. వారిలో 101 మంది అక్కడ నివసించే పెద్దలు, 50 మంది ఉద్యోగులు, 16 మంది చూడవచ్చినవారు. పెద్దలలో 34 మంది చనిపోయారు. విచారణ చేసినవారు తెలిసికొన్న కారణాలలో ఒకటి మనకు బాగా తెలిసినదే. ఉద్యోగులు కొందరు ఒంట్లో బాగులేకపోయినా పనికి వచ్చారు, కొందరు ఒకటికంటే ఎక్కువ ఇండ్లలో పని చేశారు.

మన ఆశ్రమాల్లో అటెండర్ల సంగతి ఏమిటి? పగలు ఒక చోట, రాత్రి మరొక చోట డ్యూటీ. ఒక రోజు రాకపోతే ఆ రోజు కూలి పోతుంది. అట్టి మనిషి జ్వరం ఉన్నదని తానై చెప్పుతాడా? మా అభిప్రాయము నిర్మొగమాటంగా చెప్పుతాము. పనివారికి జబ్బు రోజుల జీతం ఇవ్వని ఆశ్రమము ఎన్ని శానిటైజరు సీసాలు గుమ్మంలో పెట్టినా ప్రయోజనము తక్కువ. నెలకు రెండు మూడు రోజుల కూలి ఖర్చు పెద్దదిగా కనబడవచ్చు. పదిమంది పెద్దలను ఆసుపత్రిలో చేర్చే ఖర్చు ముందు అది ఏ పాటిది?

వృద్ధాశ్రమాల్లో సిగ్గుపడి దాచే జబ్బు గజ్జి. రాత్రివేళ దురద, వ్రేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న పొక్కులు. మొదటిసారి అంటినవారికి నాలుగు నుండి ఆరు వారాల తరువాత గాని దురద మొదలుకాదు. అందుచేత ఒకరికి కనబడేసరికి పదిమందికి అంటియుంటుంది. ముసలివారికి చర్మం పొడిబారి దురద పెడుతుందిలే అని కొబ్బరినూనె రాస్తారు. అదే నూనె రాసిన అటెండరు చేతులు కూడా దురదపెట్టడం మొదలైతే ఇక సందేహమేల? వైద్యుని అడిగి, దురద ఉన్నవారికీ లేనివారికీ ఒకే రోజున మందు పూయించి, దుప్పట్లు, బట్టలు వేడినీటిలో ఉతికించాలి. ఒకరి తరువాత ఒకరికి పూస్తూ పోతే ఏడాదియైనా వదలదు.

అనుమానము కలిగిన రోజున ఏమి చేయాలి? జబ్బు నిర్ధారణ అయ్యేదాక ఆగనక్కరలేదు. బాగులేనివారిని ఒక గదిలో ఉంచి, వారిని చూసే మనిషిని ఇతరుల దగ్గరకు పంపకుండా ఉండాలి. లేవీయకాండము చదివినవారికి ఏడు దినములు కడగా ఉంచి మరల చూచే పద్ధతి క్రొత్త కాదు. వాంతులు, విరేచనాలైనవారిని వంటింటిలోకి రానీయరాదు. విరేచనాలకు ఓఆర్‌ఎస్ వెంటనే మొదలుపెట్టాలి, పిల్లలకు వైద్యుని సలహాతో 14 రోజులు జింకు ఇవ్వాలి. బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ త్రాగలేకపోయినా, పెద్దలకు ఊపిరి ఆడకపోయినా 108కి ఫోను చేయాలి. మిగిలిన ఆహారాన్ని పారవేయక కొంత మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీటికీ ఆహారానికీ పరీక్షలు చేస్తారు. నీళ్ళ రంగు, వాసన మారితే జలమండలి నంబరు 155313. అన్నిటికంటే ముందుగా దగ్గరలోని పట్టణ ఆరోగ్యకేంద్రం వైద్యాధికారికి చెప్పాలి. 2004లో ఆరంభమైన వ్యాధి నిఘా పథకం క్రింద ఇటువంటి వార్తలు అందుకొని విచారించడం వారి పని. అంగన్‌వాడీ అయితే టీచరు ద్వారా, ఆశా కార్యకర్త ద్వారా అదే కేంద్రానికి తెలుస్తుంది.

చెప్పితే పేరు పోతుందని యజమానులు భయపడతారు. ఆ భయం వట్టిది కాదు. ఒక క్రెష్‌లో నలుగురికి విరేచనాలని తెలిస్తే మరునాడే పదిమంది తల్లులు బిడ్డలను మరొక క్రెష్‌కు మారుస్తారు, జబ్బును కూడా తీసికొనిపోతారు. ఇందులో మన బాధ్యత యున్నది. "ఈ వారం మా దగ్గర ముగ్గురికి వాంతులైనవి, మీ బిడ్డను గమనించండి" అని గేటుకు కాగితం అంటించిన క్రెష్‌ను మేమైతే ఎక్కువగా నమ్ముతాము. ఏడాది పొడుగునా ఎవరికీ ఏమీ రాలేదని చెప్పే క్రెష్‌లో పుస్తకమే లేదని అర్థము. అదే విధముగా, ఉదయం ఏడు గంటలకు పారాసిటమాల్ వేసి, జ్వరం దిగగానే బిడ్డను దింపి పరుగెత్తే తల్లిని తిట్టడం సులభము. ఆమెకు ఆ రోజు సెలవు ఎవరిస్తారు? నాన్నగారు కూడా సెలవు పెట్టవచ్చునన్న సంగతి మన ఇండ్లలో ఇంకా చర్చకు రావలసి యున్నది.

డిసెంబరు దగ్గరపడుతుంటే సంఘాలనుండి యౌవనస్థులు కేరల్స్ పాడడానికి ఆశ్రమాలకు వెళ్తారు. పెద్దలు ఏడాదంతా ఎదురుచూచే సాయంకాలమది, దానిని మానమని చెప్పము. వెళ్ళేముందు నాయకుడు ఒక్కొక్కరినీ అడగాలి. దగ్గు, జలుబు, విరేచనాలు ఉన్నవారు ఆ ఒక్క ఇంటికి రాకూడదు. చిన్న గదిలో గుంపుగా నిలిచి పాడేకంటే వరండాలోనో ముంగిటనో పాడవచ్చును. కేకు పంచేవారు చేతులు కడుక్కొని పంచాలి. పెద్దలకు, వారిని చూసే పనివారికి ఏటేటా ఫ్లూ టీకా ఇప్పించే సంగతి సంఘ కమిటీలు ఆలోచిస్తే, ఆ ఖర్చు దుప్పట్ల పంపకానికంటే ఏమీ తీసిపోదు.

బిడ్డను మళ్ళీ ఎప్పుడు పంపవచ్చునని తల్లులు అడుగుతారు. విరేచనాలు, వాంతులు ఆగి 48 గంటలు గడవాలి. ఆటలమ్మలో పొక్కులన్నీ చెక్కు కట్టాలి. తట్టులో దద్దురు కనబడిన నాటినుండి నాలుగు రోజులు, గవదబిళ్ళలలో వాపు మొదలైన నాటినుండి ఐదు రోజులు, కామెర్లు కనబడిన నాటినుండి ఒక వారము ఇంటనే ఉంచాలి. చేతులు-పాదాలు-నోటి జబ్బులో జ్వరం తగ్గి, పొక్కులు ఆరి, బిడ్డ అన్నం తినసాగితే పంపవచ్చును. ఆయాలకూ, అటెండర్లకూ ఇవే లెక్కలు.